టర్బో కారు – పెట్రోలు లెక్క

కారు కొనడం ఒక ఎత్తు, దానికి పెట్రోలు పోయించడం ఒక ఎత్తు. కొనేది ఒక్కసారే, పోయించేది బండి ఇంట్లో ఉన్నన్నాళ్లూ. అందుకే మన మధ్యతరగతి గృహస్థు కార్ల షాపులో అడుగుపెట్టగానే రంగూ హంగూ తర్వాత చూసుకోవచ్చునని, "లీటరుకు ఎంత ఇస్తుందయ్యా?" అని ముందుగా అడుగుతాడు.

మామూలు కార్ల విషయంలో ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పవచ్చు. టర్బో కార్ల విషయంలో ఒక్క జవాబు చాలదు. ఒకే బండి ఒక రోజు 18 కిలోమీటర్లు ఇస్తుంది, మరొక రోజు 13 దగ్గర ఆగిపోతుంది. ఇందులో మాయ లేదు, మోసమూ లేదు. ఆ యంత్రం నడిచే తీరే అంత. ఈ మధ్య మా నెక్కొండ వంటి ఊళ్లలో కూడా టర్బో బండ్లు కనిపిస్తున్నాయి గనుక, దాని గుట్టేమిటో తెలుసుకోవడం మంచిది.

కొలిమి తిత్తి

పెట్రోలు మండాలంటే గాలి కావాలి. తూకం ప్రకారం ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి ఉంటే లెక్క సరిపోతుంది. మామూలు ఇంజను తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. పీల్చినంత గాలికే పని చేస్తుంది. టర్బో ఇంజనుకు అదనంగా ఒక తిత్తి ఉన్నది. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు ఎట్లా రాజుకుంటుందో, ఇక్కడా అంతే. ఆ తిత్తిని తిప్పడానికి వేరే మనిషి అక్కరలేదు. ఇంజను వదిలే పొగ వేగానికే ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. జోరు మీద ఉన్నప్పుడు ఆ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతాయి.

గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలూ ఎక్కువ మండుతుంది. బలమూ ఎక్కువ వస్తుంది. అంటే చిన్న ఇంజను అవసరం వచ్చినప్పుడు పెద్ద ఇంజనులా పని చేస్తుంది. అవసరం తీరగానే మళ్లీ చిన్నదై కూర్చుంటుంది.

పొదుపు ఎక్కడినుంచి వస్తుందంటే, ఇక్కడినుంచే. నూరుమందికి వండే గాడిపొయ్యి మీద ఇద్దరికి అన్నం వండితే కట్టెలు దండుగ గదా! పెద్ద ఇంజనుతో బజారులో మెల్లగా వెళ్లడం అటువంటిదే. చిన్న ఇంజనులో ఒరిపిడి తక్కువ, గాలి పీల్చుకునే ప్రయాస తక్కువ. కాని గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. పదిమంది చుట్టాలు రోజూ వచ్చి కూర్చుంటే చిన్న పొయ్యికైనా కట్టెలు తప్పవు.

నూరేళ్లు దాటిన ఉపాయం

ఇది నిన్న మొన్నటి ఉపాయం కాదు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బూషి అనే ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మొదట ఓడలకూ, పెద్ద డీజిలు ఇంజన్లకూ ఉపయోగపడింది. మనుషులెక్కే కార్లలోకి 1962లో అమెరికాలో వచ్చింది. ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే కారుకు టర్బో బిగించారు. లోపల వేడి పెరిగి ఇంజను కొట్టుకోకుండా ఉండడానికి నీళ్లూ, మిథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే సీసాలో పోసుకోవలసి వచ్చేది. ఆ ముచ్చట రెండేళ్లు కూడా సాగలేదు. 1973లో బి.ఎం.డబ్ల్యు. వారు 2002 టర్బో తెచ్చారు. అదే సంవత్సరం ప్రపంచాన్ని పెట్రోలు కరువు పట్టుకున్నది. అప్పటి టర్బోలు జోరుకే గాని పొదుపుకు కావు.

తర్వాత కంప్యూటరు వచ్చి, పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే పద్ధతి వచ్చి కథ మారింది. మనదేశంలో 2013లో వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఎకోబూస్ట్, వోక్స్‌వాగన్ పోలో జిటి టిఎస్ఐ మధ్యతరగతి ఇళ్లకు ఈ రుచి చూపించాయి. ఎకోస్పోర్ట్ 2021లో, పోలో 2022లో ఇక్కడ ఆగిపోయినా, వాటి బాటలో చాలా బండ్లు వచ్చాయి. పన్ను కూడా ఇందుకు తోడ్పడింది. 4 మీటర్లలోపు పొడవు, 1,200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను ఉన్న కారుకు 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. 18 శాతం, ఆ హద్దు దాటిన పెట్రోలు కార్లకు 40 శాతం. చిన్న ఇంజనులోనుంచే ఎక్కువ బలం లాగాలని కంపెనీలు చూడడంలో ఆశ్చర్యమేమున్నది?

కాగితం మీది అంకె

పోలో సంగతే చూడండి. టర్బో లేని 1.2 లీటర్ల పోలోకు 75 గుర్రాల బలం. పరీక్షలో వచ్చిన మైలేజి 16.47. దాదాపు అంతే ఇంజను ఉన్న టర్బో పోలోకు 105 గుర్రాలు, మైలేజి 17.21. బలమూ ఎక్కువే, పొదుపూ ఎక్కువే! ఇది చూసి ఎవరైనా ముచ్చటపడతారు.

కాని ఆ అంకె ఎట్లా వచ్చిందో కూడా చూడాలి. పుణేలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ వంటి సంస్థల్లో కారును రోలర్ల మీద నిలబెట్టి సుమారు 20 నిమిషాలు నడిపేవారు. ఎక్కువలో ఎక్కువ వేగం గంటకు 90 కిలోమీటర్లు; అదీ కొద్దిసేపే. ఏ.సి. లేదు, ఎదురుగాలి లేదు, అడ్డం వచ్చే బర్రె లేదు. అంత నెమ్మదైన నడకలో తిత్తి ఊదవలసిన పని చాలా తక్కువ. చిన్న ఇంజను చిన్నదిగానే ఉండిపోతుంది. అందుచేత ఆ అంకె అబద్ధం కాదు. నిమ్మళంగా నడిపేవాడి అంకె అన్నమాట.

బావగారి అనుమానం

ఈ తేడా తెలియక మా బంధువుల ఇంట్లోనే ఒక చిక్కు వచ్చింది. మా బావగారిది మిర్చి వ్యాపారం. ఆయన కొడుకు, అంటే మా మేనల్లుడు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ వారం వారం కారులో ఊరికి వస్తాడు. కారు తండ్రి కొనిపెట్టిన టర్బో బండి. పెట్రోలు బిల్లు కట్టేదీ తండ్రే. కంపెనీ కాగితం మీద 18 చిల్లర ఉన్నది. బిల్లులు కూడితే 13 కూడా రావడంలేదు.

"ఇంత పెట్రోలు ఏడ పోతున్నదిరా?" అని బావగారు.

"ఏడికి పోలే బాపూ, సీదా ఇంటికే వస్తున్న" అని కొడుకు.

వ్యాపారం చేసేవారికి లెక్క కుదరకపోతే నిద్ర పట్టదు. పిల్లవాడు స్నేహితులతో ఎక్కడెక్కడో తిరుగుతున్నాడనీ, తనతో అబద్ధమాడుతున్నాడనీ బావగారు నిశ్చయించుకున్నారు. తండ్రీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి. మా అక్క నా దగ్గరికి వచ్చి కళ్లు ఒత్తుకున్నది. నేను లెక్కల మాస్టరుగా రిటైరైనవాణ్ణి. "ఇది కోపతాపాలతో తేలేది కాదు, కొలిచి చూద్దాం" అన్నాను.

దసరా సెలవులకు కుర్రవాడు ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరం రెండుసార్లు హైదరాబాదు వెళ్లి వచ్చాం. మా ఊరినుంచి వరంగల్లు, అక్కడినుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా 163వ నంబరు జాతీయ రహదారి. రానుపోను సుమారు 360 కిలోమీటర్లు. మా ఊరి బంకులో ట్యాంకు నిండా పోయించి బయలుదేరడం, తిరిగి వచ్చి అదే పంపు దగ్గర మళ్లీ నింపించడం. పట్టినంత పెట్రోలే ఖర్చు.

మొదటిసారి "నీ అలవాటు ప్రకారమే నడుపు నాయనా" అన్నాను. నాలుగు లైన్ల రోడ్డెక్కగానే ముల్లు 110 మీదికి పోయింది. ముందు లారీ కనబడితే బ్రేకు, అది తప్పుకోగానే మళ్లీ అదటున యాక్సిలరేటరు. నేను సీటు పట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరాక బంకులో 28 లీటర్లు పట్టింది. లీటరుకు 13 కంటే కొంచెం తక్కువ.

ఒక రోజు ఆగి రెండోసారి వెళ్లాం. ఈసారి 80 దాటవద్దన్నాను. దూరంగా లారీ కనబడగానే కాలు తీయమన్నాను. సరిగ్గా 20 లీటర్లు పట్టింది. లీటరుకు 18! మొదటిసారి మిగిలిన కాలం రానుపోను కలిపి ముప్పావు గంట. దానికి పెట్టిన వెల 8 లీటర్లు. లీటరు నూరు రూపాయల పైమాటే గనుక, వారానికి 800 పైగా, నెలకు మూడువేల పైచిలుకు.

కాగితం చూసి బావగారు రెండుసార్లు కూడుకున్నారు. "అయితే పోరడు అబద్ధం చెప్పలే" అన్నారు మెల్లగా. మాట తేలికైంది గాని, 110 అన్న అంకె మీద ఆయన చూపు ఆగిపోయింది. కొడుకును పిలిచి ఒక ఒప్పందం చేశారు: లీటరుకు 17 తగ్గనంతవరకు పెట్రోలు తండ్రిది, తగ్గితే కొడుకు జీతంలోంచి. ఆ తర్వాత ఆ ఇంట్లో పెట్రోలు మీద తగాదా లేదు. మా అక్కకు మాత్రం డబ్బుకన్నా ఆ వేగం తగ్గడమే పెద్ద ఊరట.

8 లీటర్లు ఎక్కడికి పోయాయి?

మొదటి దొంగ గాలి. వేగం పెరిగితే ఎదురుగాలి ఒత్తిడి దాని వర్గం ప్రకారం పెరుగుతుంది. 80 నుంచి 110కి పోతే ఆ ఒత్తిడి దాదాపు రెట్టింపు. ఇది ఏ కారుకైనా తప్పదు.

రెండో దొంగ టర్బోలోనే ఉన్నాడు. కాలు బలంగా నొక్కితే తిత్తి ఊదుతుంది, లోపల వేడి పెరుగుతుంది. టర్బో చక్రానికి తగిలే పొగ 900 డిగ్రీల దాకా పోవచ్చు. ఆ వేడికి భాగాలు పాడుకాకుండా చాలా ఇంజన్లలో కంప్యూటరు అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతుంది. అది బండిని నడపడానికి కాదు, చల్లార్చడానికి! మన వేసవిలో 40 డిగ్రీలు దాటిన గాలి లోపలికి పోతే ఇంజను కొట్టుకోకుండా నిప్పురవ్వను ఆలస్యం చేస్తుంది. దానివల్ల కూడా కొంత శక్తి వృథా.

మూడోది ఎథనాల్. పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడం 2025లో దేశమంతటా అమలుకు వచ్చింది. లీటరుకు లీటరు చూస్తే ఎథనాల్‌లో శక్తి మూడోవంతు తక్కువ. లెక్క ప్రకారం మిశ్రమంలో 6, 7 శాతం తగ్గుతుంది. పాత అంకెలతో పోల్చుకునేవారు దీన్ని మరిచిపోరాదు.

ఎవరికి లాభం?

ఇల్లు, బడి, బజారు, మహా అయితే నర్సంపేట – ఇంతే తిరిగేవారికి టర్బో వల్ల పెద్ద పొదుపు లేదు. ఇంజను వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది. చల్లని ఇంజను ఏదైనా పెట్రోలు తాగుతుంది. మామూలు ఇంజనే వారికి చాలు.

తరచుగా దూరాలు పోయేవారు, నిదానస్తులు అయితే, టర్బో మంచిదే. పత్తి ట్రాక్టర్ల వెనుక చిక్కుకున్నప్పుడు దాటిపోవడానికి ఆ బలం అక్కరకొస్తుంది. ఎదురు బండి వచ్చేలోగా త్వరగా దాటడానికి పోయిన చెంచాడు పెట్రోలును ఎవరూ దండుగ అనరు. అవసరం లేనప్పుడు కూడా తిత్తి ఊదించేవాడికే జేబు చిల్లు.

నడిపే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఈ ఇంజన్లలో చాలావాటికి 1,500, 2,000 చుట్ల దగ్గరే లాగుడు వస్తుంది. అక్కడే పైగేరు వేసుకోవచ్చు. టైర్లలో గాలి నెలకు రెండుసార్లు చూపించాలి. ముందు దారి చూసుకుని కాలు తీస్తే బ్రేకుతో పని తగ్గుతుంది.

కారు కొనబోయే గృహస్థులకు నా మనవి ఇది. షాపువారిని మైలేజి అడగండి, తప్పులేదు. తర్వాత ఇంటికి వచ్చి, నెలకు మన బండి ఏ దారిన ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, స్టీరింగు ఎవరి చేతిలో ఉంటుందో ఒక కాగితం మీద రాసుకోండి. టర్బో కావాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది.