గర్భస్రావ సేవయు లోకనిందయు

గర్భస్రావ చికిత్స జరుగు ప్రతి ఆసుపత్రిలోను ఒక రిజిస్టరు ఉండవలెనని నియమము. చికిత్సకు వచ్చిన స్త్రీ పేరు ఆ ఒక్క పుస్తకములోనే వ్రాయవలెను. సమ్మతిపత్రము నుంచిన కవరుపై ఆమె పేరు ఉండరాదు; రిజిస్టరులోని వరుస సంఖ్య మాత్రమే ఉండవలెను. కవరుకు సీలు వేసి "రహస్యము" అని వ్రాయవలెను. 2021 నాటి సవరణ ప్రకారము, చట్టము అనుమతించిన వారికి తప్ప అన్యులకు ఆమె పేరు తెలిపిన వైద్యునకు ఒక సంవత్సరము వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. శాసనకర్తలు ఇంత జాగ్రత్త తీసికొనిరి. కాని ఆసుపత్రి వరండాలో చీటీ వ్రాయు గుమాస్తా, పదిమంది వినుచుండగా, "కడుపు తీయించుకునేటందుకు వచ్చినవా? నీ యెంబడి ఎవరొచ్చిండ్రు?" అని గట్టిగా అడిగినచో, ఆ రహస్యపు పుస్తకము వలన ప్రయోజనమేమి?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ మొదలు నల్లమల అడవి వరకు వ్యాపించిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలుగా ఏర్పడకముందు ఇవన్నియు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. ఆనకట్టలు, కాలువలు త్రవ్వినచోటనెల్ల పాలమూరు కూలీ పేరు వినబడినది. వలసపోయినవారు నెలల తరబడి ఇల్లు చేరకుండుట ఇక్కడి కుటుంబములకు కొత్త గాదు. భర్త బొంబాయిలో పనిలో ఉన్నాడు. ఇంట ఇద్దరు బిడ్డల తల్లి నెల తప్పినది. మూడవ కాన్పు వలదని తలచినది. ఆసుపత్రికి పోయినచో "పెనిమిటి సంతకము తెమ్ము" అందురు. ఆ సంతకము బొంబాయిలో ఉన్నది. చట్టము దానిని అడుగనేలేదు. 18 ఏండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలును. మైనరు విషయమునను, మానసిక రోగి విషయమునను మాత్రమే సంరక్షకుని సమ్మతి కావలెను.

ఈ చట్టము నిన్న మొన్నటిది కాదు. 1860 నాటి శిక్షాస్మృతి గర్భస్రావము చేసినవారిని, చేయించుకొన్న స్త్రీని కూడ శిక్షించెడిది. తల్లి ప్రాణము కాపాడుట యొక్కటే మినహాయింపు. చాటుమాటు చికిత్సలవలన తల్లుల ప్రాణములు పోవుట చూచి 1964లో భారత ప్రభుత్వము శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. 1966లో నివేదిక వచ్చినది. 1971లో శాసనమై, 1972 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. తల్లి ప్రాణమునకు గాని, శారీరక మానసికారోగ్యములకు గాని ముప్పు, శిశువునకు తీవ్రమైన వైకల్యము, బలాత్కారము, సంతాననిరోధ సాధనము విఫలమగుట: ఇవి అందలి కారణములు. 2021 సవరణతో 20 వారముల వరకు ఒక వైద్యుని అభిప్రాయము చాలుననియు, బలాత్కార బాధితలు, మైనరులు, గర్భిణిగా ఉండగా భర్తను కోల్పోయినవారు మొదలైన కొందరికి ఇద్దరు వైద్యుల అభిప్రాయముతో 24 వారముల వరకు వీలుండుననియు ఏర్పాటైనది. 2022 సెప్టెంబరు 29న సుప్రీముకోర్టు, పెండ్లి యైనదా కాలేదా అను భేదము చట్టము పాటింపరాదని తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయసంహిత వచ్చినను గర్భస్రావ నేరము అందులోను నిలిచియే యున్నది. 1971 చట్టపు హద్దులకు లోబడి చేసినది మాత్రము నేరము కాదు.

ఇన్నియుండగా చిక్కెక్కడ? ఒక చిక్కు స్కానింగు కేంద్రముల గోడలమీదనే ఉన్నది. లింగనిర్ధారణ నేరమని అచ్చట బోర్డు వ్రేలాడును. అది 1994లో వచ్చిన వేరొక చట్టము. పుట్టబోవునది ఆడయో మగయో చెప్పుట దాని ప్రకారము నేరము. ఆ బోర్డును చదివి గర్భస్రావమే నేరమని ఊరిలోనివారు తలచుట వింత కాదు. ఆరోగ్య కార్యకర్తలలోను ఈ భ్రమ ఉండుటయే ఆశ్చర్యము. రెండవ చిక్కు ఇంతకంటె లోతైనది. "పాపము" అను మాట విని పెరిగినవారమే మనమందరము. తెల్లకోటు తొడిగినంతమాత్రమున ఆ మాట చెవినుండి పోదు.

ఆ మాట ఖరీదు వారములలో లెక్కకు వచ్చును. తొమ్మిది వారములలోపు గర్భమును వైద్యుని పర్యవేక్షణలో మాత్రలతోనే తొలగింపవచ్చును. పండ్రెండు వారముల వరకు, తగిన శిక్షణ పొందిన ఎం.బి.బి.ఎస్. వైద్యుడు చిన్న ఆసుపత్రిలోనే చికిత్స చేయగలడు. అటుపై పెద్ద ఆసుపత్రి, ప్రసూతి వైద్యనిపుణులు కావలెను. వారములు గడచినకొలది ప్రమాదమును పెరుగును. అమ్రాబాదు గుట్టలమీది చెంచుపెంటనుండి గాని, గద్వాల చుట్టునున్న విత్తనపత్తి చేలనుండి గాని ఒక స్త్రీ కూలి మానుకొని, బస్సు పట్టుకొని ఆసుపత్రికి వచ్చినదనుకొనుడు. నలుగురిలో ఒక పరుషవాక్యము వినెను. మరునాడు ఆమె మరల వచ్చునా? రెండు నెలలు మౌనముగా గడపి వచ్చును, లేదా రాదు. రానివారు మందుల దుకాణములో మాత్రలు కొందురు. ఆ మాత్రలు స్వతహాగా చెడ్డవి కావు. ఎన్ని వారములకు ఎట్లు వాడవలెనో, రక్తము ఆగనిచో ఎక్కడికి పరుగెత్తవలెనో చెప్పువారు లేకపోవుటయే అపాయము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. అట్టివారికి అధిక రక్తస్రావమును తట్టుకొను శక్తి తక్కువ.

దేశము మొత్తము మీద చూచినను ఇదే తీరు. 2015లో భారతదేశమున సుమారు 1 కోటి 56 లక్షల గర్భస్రావములు జరిగినవని 2018లో లాన్సెట్ సంస్థవారి పత్రికలో ప్రకటితమైన పరిశోధన అంచనా వేసినది. అందులో ఆసుపత్రులలో జరిగినవి నూటికి 22 మాత్రమే. 73 వంతులు ఆసుపత్రి బయట మాత్రలతో జరిగినవి. ఇంతమంది ఆసుపత్రి గడప తొక్కకపోవుటకు దూరము, ఖర్చు కొంత కారణము. గడపలో ఎదురగు ముఖము కూడ ఒక కారణమే.

ఆ ముఖమును గూర్చియే ఇప్పుడు కొన్ని దేశములలో శిక్షణ గోష్ఠులు జరుగుచున్నవి. దక్షిణాఫ్రికాలో గర్భస్రావమును అనుమతించు చట్టము 1996లో ఆమోదము పొంది, మరు సంవత్సరము అమలైనది. చట్టము వచ్చినను పలువురు నర్సులు ఆ పనికి దూరముగా నిలిచిరి. శస్త్రచికిత్స నేర్పినంతమాత్రమున చాలదని అచ్చటివారు గ్రహించి, మనస్సులోని విలువలను విచారించుకొను తరగతులు నడపిరి. తరువాత ఐపాస్ అను అంతర్జాతీయ సంస్థ 2008లో ఇట్టి అభ్యాసములను గ్రంథరూపమున వెలువరించినది.

వానిలో నాకు మిక్కిలి నచ్చినది "నాలుగు మూలలు" అను అభ్యాసము. గది నాలుగు మూలలకు "పూర్తిగా అంగీకరింతును", "అంగీకరింతును", "అంగీకరింపను", "ఏమాత్రము అంగీకరింపను" అని కాగితములు అంటింతురు. పాల్గొనువారు పేరు వ్రాయకుండ రెండు ప్రశ్నపత్రములు పూరింతురు. మొదటిది స్త్రీలందరిని గూర్చినది. రెండవది తమకే అట్టి కష్టము వచ్చినచో ఏమి కోరుదురన్నది. పిదప పత్రములను కలగలిపి పంచుదురు. ఎవరి చేతికి ఏ పత్రము వచ్చినదో, ఆ అభిప్రాయము గల మూలకు వారు పోయి నిలువవలెను. నిలుచుటయే కాదు, అది తమ అభిప్రాయము కాకున్నను నిజాయితీగా సమర్థింపవలెను. తన నమ్మకమునకు విరుద్ధమైన మాటను ఒక నర్సమ్మ పది నిమిషములు వాదించి చెప్పునప్పుడు, ఎదుటివారి మనస్సు కొంత తెలియును. ఇంతకన్న ముఖ్యమైనది రెండు పత్రములను పోల్చునప్పుడు బయటపడును. లోకములోని స్త్రీలకు ఒక కొలత, తనకును తన బిడ్డకును వేరొక కొలత. ఎవరు వ్రాసినదో తెలియదు గనుక సిగ్గుపడువారుండరు. అందరును చూతురు.

"చివరి గర్భస్రావము" అనునది ఇంకొక అభ్యాసము. ఒక్కరికి మాత్రమే చికిత్స చేయుటకు వీలున్నదని చెప్పి, వేర్వేరు కష్టములతో వచ్చిన పలువురి కథలు వినిపింతురు; ఎవరికి చేయవలెనో తేల్చుమందురు. చదువుకొనుచున్న బాలికయా, రోగియైన తల్లియా, పెండ్లికాని యువతియా? న్యాయాధిపతి పీఠము నెక్కినవారు అరగంటలో దానినుండి దిగిపోవలెనని కోరుకొందురు.

గర్భస్రావము మంచిదని ఎవరిచేతనైనను ఒప్పించుట ఈ గోష్ఠుల పని కాదు. ఈ సంగతి స్పష్టముగా చెప్పనిచో తరగతిలోనే తగవు పుట్టును. నమ్మకము ఎవరిది వారిదే. కుర్చీలో కూర్చున్నప్పుడు చేయవలసిన పని వేరు. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి కూడ, వైద్యరీత్యా అవసరమైనప్పుడు మతకారణము ఒక్కదానిచేతనే గర్భస్రావ సేవను నిరాకరింపరాదని చెప్పుచున్నది.

ఫలితము మాట ఏమి? పండ్రెండు దేశములలో జరిగిన ఇట్టి గోష్ఠులను పరిశీలించి 2018లో ప్రకటించిన వ్యాసమున, పాల్గొన్నవారి తెలివిడియు, దృష్టియు మెరుగుపడినవని తేలినది. అయితే ఆ కొలత గోష్ఠికి ముందును, ముగిసిన వెంటనేను తీసికొన్నది. వేడి మీదనున్న సంకల్పము ఆరునెలల పిదప వరండాలో నిలుచునా అన్నది చూడవలసినదే. అంతియగాక వైద్యుడు, మందులు, సామగ్రి లేని ఆసుపత్రిలో మర్యాద మాత్రము ఉన్నను రోగికి ఒరుగునది స్వల్పము.

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. ఇట్టి తరగతులు పెట్టుటకు స్థలము, గురువులు చేరువలోనే ఉన్నారన్నమాట. అయితే పిలుపు డాక్టర్లకు, నర్సులకు మాత్రమే పోరాదు. ఊరిలో మొదట కబురు వినునది ఆశా కార్యకర్త. ఆమె నోరు జారినచో సాయంత్రమునకు వాడంతయు వినును. ఆసుపత్రిలో మొదట ఎదురగునది చీటీ గుమాస్తా, వాచ్‌మన్, ఆయమ్మ. వీరిని కూడ ఆ నాలుగు మూలలలో నిలుపవలెను. అటుపైన వీరిచేత చిన్న నాటకము ఆడింపవచ్చును: గుమాస్తా రోగిగా నిలువవలెను, ఆయమ్మ చీటీ వ్రాయవలెను, వరుసలో వెనుకనున్నవారు చెవి యొగ్గవలెను. కిటికీ వద్ద అడుగవలసినవి పేరు, వయస్సు, ఊరు మాత్రమే. చీటీ మీద "స్త్రీల విభాగము" అని వ్రాసిన చాలును. చివరి ముట్టు ఎప్పుడైనది, ఎందుకు వచ్చితివి అను ప్రశ్నలు, తలుపు మూసిన గదిలో డాక్టరమ్మ అడుగును.