పైకి గాయం కనబడదు, లోపల ప్రాణాపాయం

ఎవరైనా ప్రమాదంలో పడితే మనం మొదట ఏమి చూస్తాము? రక్తం కారుతున్నదా, ఎముక విరిగినదా అని చూస్తాము. ఆ రెండూ లేకపోతే "దేవుని దయవలన పెద్ద దెబ్బేమీ తగలలేదు" అని ఇంటికి తీసుకొనిపోతాము. అయితే ఛాతీకి గట్టి దెబ్బ తగిలినప్పుడు, పైన చర్మం చెక్కుచెదరకపోయినా, లోపల బృహద్ధమని చిరిగి ఉండవచ్చును.

బృహద్ధమని, అనగా అయోర్టా, మన శరీరంలో అన్నిటికంటె పెద్ద రక్తనాళం. విశ్రాంతిగా ఉన్నప్పుడే నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం గుండె నుండి దీనిలోనికి వస్తుంది. ఇది గుండె పైన గొడుగు పిడివలె వంగి, వెన్నెముక వెంబడి క్రిందికి దిగుతుంది. వంపు భాగం కొంత కదులుతుంది, వెన్నును అంటుకొన్న భాగం కదలదు. వేగంగా పోవు వాహనం దేనినైనా ఢీకొన్నప్పుడు, ట్రాక్టరు బోల్తాపడి స్టీరింగు ఛాతీకి గుద్దుకొన్నప్పుడు, తాటిచెట్టు మీదనుండి పడినప్పుడు, ఎక్కువగా ఈ రెండు భాగాలు కలిసే చోటనే నాళం చిరుగుతుంది.

ఈ నాళపు గోడకు మూడు పొరలు. మూడూ తెగితే సాధారణంగా నిమిషాలలోనే ప్రాణం పోతుంది. 1958లో అమెరికాలో పార్మ్లీ అను వైద్యుడు, ఆయన సహచరులు ప్రచురించిన పరిశీలనలో ఇట్టివారిలో 100కి 80 మందికి పైగా ఆసుపత్రికి చేరకముందే చనిపోయినట్లు తేలింది. బ్రతికి చేరినవారిని తరచుగా కాపాడుచున్నది పలుచని వెలుపలి పొర మాత్రమే. కాబట్టి "మాట్లాడుచున్నాడు, నడుచుచున్నాడు" అని ధైర్యపడరాదు. ఛాతీలోగాని, భుజాల నడుమ వీపులోగాని నొప్పి, ఆయాసం, గొంతు బొంగురుపోవుట దీని సూచనలు. ఏ సూచనా లేకపోవచ్చు కూడా.

ఆసుపత్రిలో మొదట ఊపిరి, రక్తస్రావం చూస్తారు. ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన అనుమానం తీరదు. నరంలోనికి మందు ఎక్కించి తీసే సీటీ స్కానుతోనే సాధారణంగా సంగతి తేలుతుంది. తరువాత గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గించే మందులు ఇస్తారు. చిరిగిన చోట ఒత్తిడి తగ్గించుటకే ఇది.

"వెంటనే ఆపరేషన్ ఎందుకు చేయరు?" అని బంధువులు ఆందోళనపడుట సహజమే. ధమని నుండి రక్తం బయటికి పోకుండా ఉంటే, తలలోనో కడుపులోనో ఉన్న ప్రాణాంతక గాయాన్ని ముందు సరిచేస్తారు. చిరుగు చాలా చిన్నదైతే మందులిచ్చి, మరల స్కాను తీసి చూస్తే చాలు. పెద్దదైతే, పూర్వం వలె ఛాతీని కోయకుండా, గజ్జలోని ధమని గుండా స్టెంటు అమర్చిన గొట్టం పంపి లోపల అతికిస్తారు. గాయం వలన ఉబ్బిన బృహద్ధమనికి ఈ పద్ధతిలో 1987లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వొలొదోస్ అను వైద్యుడు చికిత్స చేశాడు. గొట్టం అమర్చినవారు ఇంటికి వచ్చిన తరువాత కూడా చెప్పిన గడువులలో స్కాను మానరాదు.

మనం చేయగలిగినది ఒకటున్నది. దెబ్బ తగిలిన మనిషికి మర్దనా చేయించక, కట్లు కట్టించుకొంటూ తిరగక, వెంటనే 108కి ఫోను చేయండి. ఎంత ఎత్తునుండి పడ్డాడో, బండి ఎంత వేగంతో ఢీకొన్నదో డాక్టరుగారికి తప్పక చెప్పండి. గాయం కనబడనప్పుడు ఆ మాటే ఆయనకు దారి చూపుతుంది.