పవర్‌లోనూ ఎక్స్ ఉంటే ఏం చేయాలి?

సాయంత్రం మన సంఘం గదికి చదువుకోవడానికి వచ్చే ప్లస్ వన్ పిల్లలు ‘ఎక్స్ పవర్ ఎక్స్’ దగ్గరే మార్కులు పోగొట్టుకోవడం చూస్తున్నాం. పవర్ స్థిరమైతే ఒక సూత్రం, బేస్ స్థిరమైతే ఇంకో సూత్రం. ఇక్కడ రెండూ మారతాయి కనుక ఏ ఒక్కటీ చాలదు.

ఎక్స్ ధనసంఖ్య అనుకుని, వై = ఎక్స్ పవర్ ఎక్స్‌కు రెండువైపులా సహజ లాగ్ తీసుకోవాలి. లాగ్ వై = ఎక్స్ ఇంటూ లాగ్ ఎక్స్. అవకలనం చేస్తే ఎడమవైపు డీవై బై డీఎక్స్‌ను వైతో భాగించినది, కుడివైపు 1 ప్లస్ లాగ్ ఎక్స్ వస్తాయి. రెండువైపులా వైతో గుణిస్తే జవాబు: ఎక్స్ పవర్ ఎక్స్ ఇంటూ (1 ప్లస్ లాగ్ ఎక్స్).

మనకు లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. ‘ఇందులో ఏది మారుతోంది, ఏది మారడం లేదు?’ అని పిల్లలను ఇంట్లో తెలుగులోనే అడుగుదాం. పరీక్ష ఏ భాషలో రాసినా, సరైన దారి ఆ ప్రశ్నతోనే దొరుకుతుంది.