సెయింట్ లూసియాలో ప్రైవేట్ వ్యాన్ టూర్: మనం అసలు దేనికి డబ్బు కడుతున్నాం?

ఈ ఎపిసోడ్ కరీబియన్ గురించే, కానీ బీచ్‌లు, కొబ్బరి చెట్లు చూపించే ఎపిసోడ్ కాదు. సెయింట్ లూసియా అనే ఒక్క దీవి, అక్కడ ఒక్క రోజు, ఒక వ్యాను, ఒక డ్రైవరు. దీన్నే ప్రైవేట్ ఐలాండ్ టూర్ అంటారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది, ఊరి నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు క్రూజ్ బుక్ చేస్తారు. ఓడ పొద్దున ఒక దీవిలో ఆగుతుంది, సాయంత్రం బయల్దేరుతుంది. మధ్యలో దొరికే ఆ ఏడెనిమిది గంటలు ఏం చేయాలి అన్నదే ప్రశ్న. నేను మా అమ్మ, నాన్న, ఇంకో ఫ్రెండ్ ఫ్యామిలీ, మొత్తం ఆరుగురం వెళ్లాం. అక్కడ చూసింది, తెలుసుకుంది కలిపి చెప్తాను.

ముందు మ్యాప్ మనసులో పెట్టుకోండి. సెయింట్ లూసియా మొత్తం 617 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్ఎంసీ పరిధి దాదాపు 650. అంటే హైదరాబాద్ సిటీ కంటే చిన్న దేశం అన్నమాట. జనాభా సుమారు 1 లక్షా 80 వేలు. ఇంత చిన్నది కదా, రెండు గంటల్లో చుట్టేసి రావచ్చు అనిపిస్తుంది. అక్కడే లెక్క తప్పుతుంది.

ఓడలు ఆగేది రాజధాని క్యాస్ట్రీస్‌లో, అది వాయవ్య మూల. చూడాల్సినవి ఎక్కువగా ఉండేది సూఫ్రియేర్ అనే ఊరి చుట్టూ, అది నైరుతి. మధ్య దూరం 40 కిలోమీటర్ల లోపే. కానీ దారి మొత్తం ఘాట్ రోడ్డు. అరకు వెళ్లేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఊహించుకోండి. ఒక లోయలోకి దిగడం, మళ్లీ ఎక్కడం, ఇంకో లోయలోకి దిగడం. ఎక్కడా ఆగకపోయినా గంటా పావు వేసుకోవాలి. పడమటి తీరంలో ప్రధానమైన రోడ్డు ఇదొక్కటే. గట్టి వాన పడి మట్టిపెళ్లలు జారినా, లారీ ఆగిపోయినా అందరూ ఆగాల్సిందే.

ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఈ దీవి కోసం కొట్టుకుని, 14 సార్లు చేతులు మార్చారని చెప్తారు. చివరికి 1814లో బ్రిటన్‌కి దక్కింది, 1979లో స్వతంత్రం వచ్చింది. అందుకే ఊళ్ల పేర్లు చాలావరకు ఫ్రెంచి, రోడ్డు మీద మాత్రం బండి మనలాగే ఎడమ పక్కన. స్టీరింగ్ కుడి వైపు. అమెరికాలో డ్రైవింగ్‌కి అలవాటు పడినవాళ్లు సొంతంగా కారు అద్దెకి తీసుకుని ఆ మలుపుల్లో నడుపుదాం అనుకుంటే, నా ఓటు దానికి లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఓడ కంపెనీ అమ్మే టూర్లకి తలకి ఇంత అని రేటు ఉంటుంది. ప్రైవేట్ వ్యానుకి సాధారణంగా బండికి ఇంత. ఈ ఒక్క తేడా అర్థమైతే సగం పని అయిపోయినట్టే. ఉదాహరణకి ఓడ టూర్ తలకి 100 డాలర్లు, వ్యాను మొత్తం 300 అనుకోండి. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, నిజం రేట్లు సీజన్‌ని బట్టి మారతాయి. ఇద్దరే ఉంటే ఓడ టూర్ 200, వ్యాను 300, ఓడే చవక. ముగ్గురైతే సమానం. ఆరుగురైతే ఓడకి 600, వ్యానుకి అదే 300. కాబట్టి 'ప్రైవేట్ అంటే ఖరీదు' అనే మాట జంటలకి నిజం, కుటుంబాలకి కాదు.

కానీ చవక అని మాత్రమే తీసుకుంటే దాని అసలు విలువ తెలియదు. వ్యానులో మనం కొనుక్కునేది స్థలాలు కాదండీ, ఆ స్థలాలు అందరికీ ఒకటే. కొనుక్కునేది టైమ్ మీద కంట్రోల్. పెద్ద బస్సులో నలభై మంది దిగాలి, నలభై మంది ఎక్కాలి, ఎవరో ఒకరు షాపులో ఉండిపోతారు. వ్యానులో నాన్నకి మోకాలు నొప్పి వస్తే పది నిమిషాలు ఆగొచ్చు. అమ్మకి కడుపులో తిప్పితే కొండ మీద గాలి తగిలే చోట బండి పక్కకి తీయమనొచ్చు. (నిమ్మకాయ, వాంతుల మాత్ర రెండూ పెట్టుకోండి. మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, తల తిరగడం మొదలయ్యాక కాదు.)

మరి ఎంత టైమ్ ఉంటుంది? కోడ్ రాసే రోజుల అలవాటు, బడ్జెట్ లాగా రాసుకుందాం. ఓడ 8 గంటలకి ఆగింది, మీరు 8:30కి బయట పడ్డారు. అందరూ ఓడెక్కేయాల్సిన టైమ్ సాయంత్రం 4:30. అందులోంచి గంటన్నర ముందే పక్కన పెట్టేయండి, అంటే 3 గంటలకి పోర్టులో ఉండాలి. చేతిలో మిగిలింది ఆరున్నర గంటలు. రాకపోకలకి రెండున్నర. మిగిలింది నాలుగు. భోజనానికి ముప్పావు గంట. దారిలో ఫోటోల కోసం మూడు చోట్ల ఆగితే ఇంకో ముప్పావు. ఇక మిగిలేది రెండున్నర గంటలు. అందులో ప్రశాంతంగా చూడగలిగేవి రెండు. తొమ్మిది స్థలాల లిస్టు ఎవరైనా పంపిస్తే, అందులో ఏడు కిటికీలోంచి చూపిస్తారని అర్థం.

ఆ గంటన్నర ఎందుకంటారా? ఓడ కంపెనీ సొంత టూర్ బస్సు లేటయితే ఓడ దానికోసం చూస్తుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న వ్యాను లేటయితే చూడదు, వెళ్లిపోతుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా పెద్ద సమస్య. తర్వాతి పోర్టు వేరే దేశం, అక్కడికి విమానంలో వెళ్లి ఓడ అందుకోవాలంటే ఆ దేశం వీసా కావాలేమో. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాడు టికెట్ కొనుక్కుని వెళ్లిపోతాడు, మనం ఎంబసీలు వెతుక్కోవాలి.

వీసా మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. హెచ్1బీ మీద ఉండి, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయినవాళ్లు జాగ్రత్త. కెనడా, మెక్సికోకి 30 రోజుల లోపు వెళ్లొస్తే పాత స్టాంప్‌తోనే తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. దాని షరతులు దానికున్నాయి. కరీబియన్ దీవులకి ఆ వెసులుబాటు ఎఫ్, జే వీసాల వాళ్లకే. హెచ్1బీకి లేదు. కెనడా వెళ్లొచ్చిన ధైర్యంతో సెయింట్ లూసియా క్రూజ్ ఎక్కకండి. అమ్మానాన్నలది విజిటర్ వీసా అయితే మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో టికెట్ కొనకముందే చూసుకోండి.

ఇంకోటి, గడియారం. సెయింట్ లూసియాలో ఏడాదంతా ఒకటే టైమ్, వాళ్లు గంట ముందుకీ వెనక్కీ జరపరు. ఎండాకాలంలో మయామి టైమూ వాళ్ల టైమూ ఒకటే. చలికాలంలో దీవి మయామి కంటే గంట ముందుంటుంది. ఓడ తన గడియారం మారుస్తుందా లేదా అన్నది కెప్టెన్ ఇష్టం. మీ ఫోన్ మాత్రం ఒడ్డు సిగ్నల్ తగలగానే తనంతట తానే మారిపోతుంది. టైమ్ జోన్ బగ్‌లు ఫిక్స్ చేసిన ఏ ఇంజనీర్‌ని అడిగినా చెప్తాడు, ఇది ఎంత ప్రమాదమో. ఓడ దిగేటప్పుడు అక్కడి గడియారాన్ని ఫోటో తీసుకోండి, డ్రైవర్‌కి కూడా అదే చూపించండి.

ఇప్పుడు బండి కుదుర్చుకోవడం. రెండు దారులు: ముందే వాట్సాప్‌లో మాట్లాడుకోవడం, లేదా పోర్టు బయట నిలబడిన టాక్సీవాళ్లతో అప్పటికప్పుడు మాట్లాడటం. పెద్దవాళ్లు ఉంటే ముందే మాట్లాడటం మేలు. అక్కడ టాక్సీ నంబర్ ప్లేట్ 'టీఎక్స్' అక్షరాలతో మొదలవుతుంది. 'ఎం' ఉంటే అది రూట్ మినీబస్సు, మన షేర్ ఆటో లాంటిది, చవక, కానీ టూర్ బండి కాదు. రేటు బండికా, మనిషికా? ప్రవేశ రుసుములు కలిపా, విడిగా? సీటు బెల్టులు వెనక కూడా ఉన్నాయా? ఎక్కడానికి మెట్టు పీట ఉందా? ఓడ లేటుగా వచ్చినా, అసలు ఆగకుండా వెళ్లిపోయినా అడ్వాన్స్ సంగతి ఏంటి? ఈ చివరిది చాలామంది అడగరు. సముద్రం బాగా లేకపోతే ఓడ పోర్టు వదిలేసి వెళ్లడం మామూలే. ఇవన్నీ మాటల్లో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి.

రూటు విషయంలో నా సలహా, ముందు దూరం వెళ్లి, చూసుకుంటూ వెనక్కి రండి. పొద్దున్నే సూఫ్రియేర్ చేరితే బస్సులు రాకముందే సగం చూసేయొచ్చు. పైగా సాయంత్రం టైమ్ తక్కువైతే వదిలేయాల్సినవి పోర్టు దగ్గరి చిన్న చిన్న చోట్లు అవుతాయి, ముఖ్యమైనవి కావు.

సూఫ్రియేర్ పక్కనే సల్ఫర్ స్ప్రింగ్స్. 'బండిలో వెళ్లగలిగే అగ్నిపర్వతం' అని ప్రచారం చేస్తారు. బండి లోపలికి వెళ్తుంది కానీ నోట్లోకి కాదులెండి. బూడిద రంగు నేల, ఉడుకుతున్న బురద గుంటలు, ఆవిరి, కుళ్లిన కోడిగుడ్ల వాసన. 1766లో ఒకసారి ఆవిరి పేలుడు జరిగిందని రికార్డు, ఆ తర్వాత లేదు. కట్టిన ప్లాట్‌ఫారం మీద నుంచి గైడ్ చూపిస్తారు. కింద వేడి నీళ్ల కొలను, ఒంటికి బురద పూసుకోవడం విడిగా ఉంటాయి. ఇక్కడ మన ఆడవాళ్లకి ఒక మాట: ఆ గంధకపు వాయువుకి వెండి నల్లబడిపోతుంది. పట్టీలు, మెట్టెలు తీసి బ్యాగులో పెట్టుకోవాలి. మా అమ్మ మెట్టెలు తీయనంది, "నల్లబడితే చింతపండుతో తోముకుంటాలేరా" అని సాక్సు వేసుకుని నిలబడింది. కొలనులోకి దిగలేదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు కూడా ఆ వేడిలో ఎక్కువసేపు కూర్చోకపోవడమే మంచిది.

రెండోది డైమండ్ బొటానికల్ గార్డెన్. 1784లో ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ సైనికుల కోసం కట్టిన స్నానపు తొట్లు ఇక్కడే ఉన్నాయి. ఖనిజాల వల్ల రంగులు పట్టిన రాతి మీద నుంచి జలపాతం పడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇదే సరైన చోటు, నడక సులువు. పిటాన్ కొండలు ఎలాగూ దారిలో కనిపిస్తాయి. సముద్రంలోంచి నిటారుగా లేచిన రెండు శిఖరాలు, రెండూ 700 మీటర్ల పైనే. 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. జెండా మీద త్రికోణాలు, బీరు సీసా మీద పేరు, అన్నీ అవే. ఎక్కడం మాత్రం ఈ ఒక్క రోజులో కుదరదు.

వెనక్కి వచ్చేటప్పుడు అరటి తోటల దగ్గర ఆపించండి. గెలలకి నీలం కవర్లు తొడిగి ఉంటాయి. మన అనంతపురం వైపు ఎగుమతి రైతులు కూడా కవర్లు కడతారు కాబట్టి నాన్నకి వెంటనే అర్థమైంది. ఎరువులేంటి, గెలకి ఎంత వస్తుంది అని మొదలుపెట్టారు. డ్రైవర్ గారు చెప్పిన కథ ఈ దీవి కథే. ఒకప్పుడు బ్రిటన్ ఇక్కడి అరటిని ప్రత్యేక రాయితీతో కొనేది. లాటిన్ అమెరికా పెద్ద తోటలకి అన్యాయం జరుగుతోందని 1990ల్లో అమెరికా, మరికొన్ని దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచాయి. ఆ తర్వాత వేల మంది చిన్న రైతులు అరటి వదిలేశారు. ఆయన ఇంట్లో కూడా తండ్రి అరటి రైతు, కొడుకు టూర్ వ్యాను. బస్సులో మైకు పట్టుకుని చెప్పే స్క్రిప్టులో ఇది ఉంటుందో లేదో కానీ, నాన్న అడగబట్టి మాకు ఇరవై నిమిషాలు దొరికింది. నాకు ఆ రోజులో పిటాన్‌ల కంటే ఇదే ఎక్కువ గుర్తుంది.

మనవాళ్ల కనెక్షన్ ఒకటి: డారెన్ సామీ. 2012, 2016 టీ20 ప్రపంచ కప్‌లు గెలిచిన వెస్టిండీస్ కెప్టెన్, ఈ దీవి మనిషే, మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి కూడా ఆడాడు. ఆయన పేరు మీద ఉన్న స్టేడియంలోనే 2024 జూన్ 24న రోహిత్ శర్మ ఆస్ట్రేలియా మీద 41 బంతుల్లో 92 కొట్టాడు. స్టేడియం చూద్దామని మా ఫ్రెండ్ పట్టుబట్టాడు. అది క్యాస్ట్రీస్‌కి ఉత్తరాన, అంటే సరిగ్గా వ్యతిరేక దిక్కు. డ్రైవర్ గారే వద్దన్నారు, 3 గంటలకి పోర్టులో ఉండాలంటే కుదరదని. ఎక్కువ చూపిస్తే ఎక్కువ టిప్పు వస్తుందని ఆశపడే డ్రైవర్ కంటే, ఇలా కాదని చెప్పే డ్రైవర్ దొరికితే ఆయన్నే పట్టుకోండి.

తిండి గురించి త్వరగా చెప్పేస్తాను. వాళ్ల జాతీయ వంటకం 'గ్రీన్ ఫిగ్ అండ్ సాల్ట్ ఫిష్'. ఫిగ్ అంటే అంజీర కాదు, పచ్చి అరటికాయ. ఉప్పు చేప పక్కన పెట్టేస్తే శాకాహారులకి ఉడికించిన అరటికాయ, సీమపనస, దారిలో వేడిగా కాల్చే కర్రపెండలం రొట్టె దొరుకుతాయి. రొట్టెలో కొబ్బరి వేసినది అడగండి. 1859 నుంచి ఇండియా కూలీలు ఇక్కడికి ఓడల్లో వచ్చారు కాబట్టి రోటీ అనే మాట అందరికీ తెలుసు, లోపల ఏం పెట్టారో మాత్రం అడిగి తినండి.

డబ్బు విషయానికి వస్తే, అక్కడి కరెన్సీ ఈస్ట్ కరీబియన్ డాలర్. 1976 నుంచి ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 దగ్గర స్థిరంగా కట్టేశారు. రేటు చెప్పినప్పుడు ఏ డాలరో అడగండి, 300 అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. అమెరికన్ నోట్లు అందరూ తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ల కరెన్సీలో ఇస్తారు, అందుకే చిన్న నోట్లు ఉంచుకోండి. టిప్పు 10 నుంచి 15 శాతం మర్యాద. మేం 2:50కి పోర్టులో దిగాం. నాన్న ఆయనకి చేతిలో టిప్పు పెట్టి, అరటి పిలకలు ఏ దూరంలో నాటతారు అని ఇంకో ప్రశ్న వేశారు.

వచ్చే ఎపిసోడ్ బార్బడోస్. అక్కడ ఘాట్ రోడ్లు లేవు కాబట్టి ఈ లెక్కలన్నీ మారిపోతాయి. ఉంటానండీ.