ఆకాశానికి గట్లు

పొలానికి గట్టు ఉంటుంది. ఇంటికి ప్రహరీ ఉంటుంది. ఊరికి పొలిమేర ఉంటుంది. మరి ఆకాశానికో? "ఆకాశానికి హద్దేమిటండీ!" అని మీరు నవ్వవచ్చు. గద్ద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. మబ్బులు ఎవరినీ అడక్కుండానే పోతూంటాయి. కాని విమానం నడిపే పైలట్ దగ్గరుండే పటం ఒకసారి మీ చేతికిస్తే ఆశ్చర్యపోతారు. దానినిండా గుండ్రాలు, పలకలు, వంకరటింకర గళ్ళు! ఒక్కొక్క గడికీ ఒక పేరు, ఒక నంబరు. పొలాలకు సర్వే నంబర్లున్నట్టే ఆకాశానికీ ఉన్నాయన్నమాట.

ఈ గళ్ళలో చాలా భాగం సైన్యం వాడుకునేవి. వాటి గీతలు ఎక్కడ గీయాలి, ఏ వేళల్లో మూయాలి, ఏ వేళల్లో తెరవాలి అన్నదాని మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఎలాగో చూద్దాం.

గళ్ళు మూడు రకాలు

మొదటిది నిషిద్ధ ప్రాంతం. అందులోకి విమానం వెళ్ళనే కూడదు. ఢిల్లీలో రాష్ట్రపతి భవనం మీది ఆకాశం అలాంటిది. రెండవది నియంత్రిత ప్రాంతం. అక్కడికి కొన్ని షరతులకు లోబడి, అనుమతి తీసుకుని వెళ్ళవచ్చు. మూడవది ప్రమాద ప్రాంతం. "ఫలానా వేళ ఇక్కడ ఫిరంగులు పేలతాయి, రాకెట్లు ఎగురుతాయి, జాగ్రత్త సుమా!" అని చెప్పే హెచ్చరిక అది.

సముద్రం మీద ఒక తమాషా ఉంది. ఒడ్డునుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే, ఆ పైనున్న ఆకాశం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. అందుకని అక్కడ ఎవరూ "రాకూడదు" అని శాసించలేరు. "వస్తే ప్రమాదం" అని హెచ్చరించగలరంతే. శ్రీహరికోటనుంచి రాకెట్టు వదిలే ముందు బంగాళాఖాతం మీద ప్రమాద ప్రాంతాన్ని ప్రకటించి, అది ఏ రోజు ఏ గంటనుంచి ఏ గంటవరకు అమల్లో ఉంటుందో విమానాలకూ ఓడలకూ ముందే తెలియజేస్తారు.

మన తెలుగునాట ఇలాంటి పనులు జరిగే చోట్లు ఇంకా ఉన్నాయి. హైదరాబాదు దగ్గర దుండిగల్‌లో వైమానికదళ అకాడమీ ఉంది. హకీంపేటలో కుర్ర పైలట్లకు శిక్షణ ఇస్తారు. బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన వైమానికదళం క్షిపణులు పేల్చి సాధన చేస్తుంది. విశాఖపట్నంలో నౌకాదళం రన్‌వేనే పౌర విమానాలూ దశాబ్దాలపాటు పంచుకున్నాయి.

ఇప్పుడొక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోండి. ఆకాశంలోని గడికి చుట్టూ గోడలుంటాయి. అడుగున నేల ఉంటుంది, పైన కప్పు ఉంటుంది. వీటితోపాటు గడియారం కూడా ఉంటుంది. ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత ఎత్తునుంచి ఎంత ఎత్తుకు, ఎప్పటినుంచి ఎప్పటికి అన్న ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెబితేనే హద్దు పూర్తయినట్టు.

కళ్ళు చాలవా?

"పైలట్లకు కళ్ళు లేవా? ఎదురుగా విమానం వస్తే తప్పుకోరా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాగితం, పెన్సిలు తీసుకోండి.

రెండు విమానాలు గంటకు 900 కిలోమీటర్ల చొప్పున ఎదురెదురుగా వస్తున్నాయి. రెంటి మధ్య దూరం గంటకు 1,800 కిలోమీటర్ల చొప్పున తగ్గిపోతుంది. గంటకు 3,600 సెకన్లు. అంటే సెకనుకు అర కిలోమీటరు! కంటికి ఏదో కనపడి, అది విమానమని పోల్చుకుని, మీదికే వస్తోందని గ్రహించి, చేయి కదిపి, విమానం పక్కకు ఒరిగేసరికి సుమారు పన్నెండున్నర సెకన్లు పడుతుందని లెక్క కట్టారు. ఈలోగా ఆ రెండూ ఆరు కిలోమీటర్లకు పైగా దగ్గరైపోతాయి. కనుక బతకాలంటే ఎదుటి విమానాన్ని ఆరు కిలోమీటర్ల అవతలే చూడాలి. ఎదురుగా వచ్చే ఫైటర్ విమానం ఒళ్ళు మీటరున్నర, రెండు మీటర్ల వెడల్పు ఉంటుందనుకుందాం. అంత దూరాన అది ఎంత కనిపిస్తుందో తెలుసా? చేయి చాచి రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పట్టుకుంటే ఎంత లావుంటాయో అంత!

పైగా రెంటి నడకా ఒకటి కాదు. ప్రయాణికుల విమానం బస్సులాంటిది. ఒక దారిలో, ఒక ఎత్తులో, నిలకడగా పోతుంది. యుద్ధవిమానం సాధన చేసేటప్పుడు కబడ్డీ ఆటగాడే. ఉన్నట్టుండి పైకి లేస్తుంది, దిగుతుంది, గిరుక్కున తిరుగుతుంది. రోడ్డు మధ్య కబడ్డీ ఆడనివ్వరు కదా! అందుకే కోర్టు గీసి, ఆట అందులోనే ఆడాలంటారు.

గీత దారికి ఆనుకుంటే...

1971 జులై 30. జపాన్‌లో చితోసే నుంచి ఒక బోయింగ్ 727 విమానం 162 మందితో టోక్యోకు బయలుదేరింది. అది షిజుకుయిషి అనే ఊరి మీదుగా 28,000 అడుగుల ఎత్తున పోతోంది. అదే సమయంలో జపాన్ వైమానిక ఆత్మరక్షణ దళానికి చెందిన రెండు ఎఫ్-86 జెట్లు అక్కడ శిక్షణలో ఉన్నాయి. ఒకదాంట్లో గురువు, రెండోదాంట్లో శిష్యుడు. గురువు ఎటు తిరిగితే శిష్యుడు అటు తిరగాలి. శిక్షణకు కేటాయించిన చోటు పౌర విమానాల దారికి దగ్గరగా ఉంది. తిరుగుతూ తిరుగుతూ వాళ్ళు దారిలోకి వచ్చేశారు. గురువు మీదే చూపు పెట్టుకున్న శిష్యుడి జెట్టు బోయింగును ఢీకొంది. శిష్యుడు పారాషూట్‌తో దిగి బతికాడు. బోయింగులోని 162 మందీ మరణించారు.

ఆ తరవాత జపాన్ సైనిక శిక్షణ జరిగే గగనతలాన్ని పౌర విమానాల దారులనుంచి విడదీసింది. 1975లో విమానయాన చట్టాన్నీ సవరించింది. దీనివల్ల తేలిందేమిటి? కాగితం మీద గీత ఉన్నంత మాత్రాన చాలదు. గీతకూ దారికీ మధ్య చాలినంత ఖాళీ ఉండాలి. మీ కబడ్డీ కోర్టు గీత రోడ్డు అంచునే గీస్తే ఏమవుతుందో ఆలోచించండి.

గడి మరీ పెద్దదైతే...

"సరే, సైన్యం గళ్ళు బాగా పెద్దవిగా గీసేస్తే పోలేదా?" అంటారేమో. దాని ఫలితం మన దేశమే చూసింది.

1996లో ఢిల్లీ చుట్టూ ఉన్న ఆకాశంలో ఎక్కువ భాగం వైమానికదళం అధీనంలో ఉండేది. పౌర విమానాలకు మిగిలిన దారి ఇరుకు. వచ్చే విమానాలూ పోయే విమానాలూ అదే దారిలో, ఎత్తులో మాత్రం తేడాతో, ఒకదాని కెదురుగా మరొకటి నడవాల్సి వచ్చేది. ఆ ఏడు నవంబరు 12 సాయంకాలం సౌదీ బోయింగ్ 747 ఢిల్లీనుంచి లేచింది. కజకిస్తాన్‌నుంచి ఇల్యూషిన్-76 దిగడానికి వస్తోంది. కంట్రోలర్ మొదటిదాన్ని 14,000 అడుగుల దగ్గర, రెండోదాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నాడు. మధ్య ఎడం వెయ్యి అడుగులు, అంటే సుమారు 300 మీటర్లు. కజక్ విమానం తనకు చెప్పిన ఎత్తు దాటి కిందికి దిగింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండూ ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు.

తప్పు చెప్పిన ఎత్తును పాటించకపోవడమే. అందులో సందేహం లేదు. కాని రెండు విమానాలు వేరు వేరు దారుల్లో ఉండి ఉంటే? వెయ్యి అడుగుల పొరపాటు ఉత్త పొరపాటుగానే మిగిలిపోయేది. జస్టిస్ లాహోటీ విచారణ సంఘం ఈ ప్రమాదాన్ని పరిశీలించింది. రావడానికొక దారి, పోవడానికొక దారి వేరుచేశారు. విమానం ఎత్తును కూడా చూపించే సెకండరీ రాడార్ వచ్చింది. ఎదుటి విమానాన్ని పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది. మొదటి మార్పు కోసం వైమానికదళం తన గడిని కొంత కుదించుకోవలసి వచ్చింది.

చూశారా? గీత దారికి ఆనుకుంటే ఒక ముప్పు, గడి అవసరానికి మించి పెరిగితే ఇంకో ముప్పు. పెద్ద గడి పక్కవాళ్ళందరినీ ఒకే సందులోకి నెట్టేస్తుంది.

కప్పు ఎక్కడ వేయాలి?

2014లో తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం జరుగుతోంది. జులై 14న ఆ దేశం అక్కడ 32,000 అడుగుల ఎత్తుదాకా ఆకాశాన్ని పౌర విమానాలకు మూసివేసింది. ఆ పైన వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు. మూడు రోజుల తరవాత, జులై 17న, మలేషియా విమానం ఎం.హెచ్. 17 అక్కడ 33,000 అడుగుల ఎత్తున పోతోంది. రూలు ప్రకారం అది సరైన చోటే. కాని నేలమీదినుంచి పేలిన బుక్ క్షిపణికి ఆ రూలుతో పనేమిటి? అది 33,000 అడుగుల కంటే చాలా పైకి పోగలదు. 298 మంది మరణించారు. దర్యాప్తు చేసిన డచ్ భద్రతా మండలి, ఆ ఆకాశాన్ని పూర్తిగా మూసివేయడానికి తగినంత కారణం ముందే ఉందని తేల్చింది. కప్పు ఎంత ఎత్తున వేయాలో కింద ఉన్న ఆయుధాన్ని బట్టి నిర్ణయించాలన్నమాట.

గడియారం పెట్టిన గట్టు

మిగిలింది వేళలు. ఒక గడిని సైన్యం రోజుకు నాలుగు గంటలే వాడుకుంటుందనుకోండి. తక్కిన ఇరవై గంటలు దాన్ని ఎందుకు తాళం వేసి ఉంచాలి? యూరప్ దేశాలు 1996లో ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టాయి. దాన్ని 'గగనతలాన్ని వీలునుబట్టి వాడుకోవడం' అనవచ్చు. ఆకాశాన్ని శాశ్వతంగా ఇది మీది, ఇది మాది అని పంచుకోకూడదు. ఎవరికి ఎప్పుడు అవసరమో వాళ్ళకు అప్పుడు ఇవ్వాలి. ఇదీ దాని సూత్రం.

పని మూడు మెట్లలో జరుగుతుంది. చాలా ముందే ఇరుపక్షాలవారూ కూర్చుని గళ్ళనూ దారులనూ నిర్ణయించుకుంటారు. ఆ తరవాత ప్రతిరోజూ "రేపు ఏ గడి ఎవరికి, ఎన్ని గంటలు" అని పట్టిక వేస్తారు. చివరగా, ఆ రోజున సైనికుల పని తొందరగా ముగిస్తే కంట్రోలర్‌కు చెప్పి అప్పటికప్పుడే గడి తెరుస్తారు.

మన దేశమూ ఈ దారి పట్టింది. 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. అప్పటికి మన ఆకాశంలో 60 శాతమే పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతోందనీ, ఆంక్షలు సడలిస్తే విమానయాన రంగానికి ఏడాదికి సుమారు 1,000 కోట్ల రూపాయలు కలిసి వస్తాయనీ చెప్పింది. అంత డబ్బు ఎలా మిగులుతుంది? మీకు తెలిసిన పైథాగరస్ చెబుతాడు. ఒక విమానం నేరుగా 500 కిలోమీటర్లు పోవాలి. మధ్యలో మూసిన గడి ఉంది. కనుక 300 కిలోమీటర్లు ఒకవైపు, తరవాత లంబంగా 400 కిలోమీటర్లు ఇంకోవైపు పోయింది. మొత్తం 700. అదనంగా 200 కిలోమీటర్లు! గంటకు 800 కిలోమీటర్ల వేగంతో అది పావుగంట ప్రయాణం. ఆ పావుగంటకు కాలే ఇంధనం, గాలిలో చేరే పొగ కూడా లెక్కవేయండి.

అయితే తెరిచి మూసే తలుపు దగ్గర ఒక కొత్త జాగ్రత్త అవసరం. అది తెరిచి ఉందో మూసి ఉందో ఇరుపక్షాలకూ ఒకేలా తెలియాలి. గడి వేళలను 'నోటమ్' అనే ప్రకటనల ద్వారా తెలుపుతారు. అందులో సమయం ప్రపంచమంతటికీ ఒకటే. అది మన గడియారానికి అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. "0430 నుంచి మూసివేత" అని ఉంటే, మనకది తెల్లవారుజాము నాలుగున్నర కాదు, ఉదయం పది గంటలు! ఈ తేడా మరిచినవాడు మూసిన గడిలోకి నేరుగా దూరిపోతాడు.

మీరే హద్దు గీయండి

ఇప్పుడొక ఊహాలెక్క. ఒక ఫిరంగుల సాధన మైదానం ఉంది. దాని మీది ఆకాశం నేలనుంచి 40,000 అడుగులదాకా, వారమంతా, రాత్రింబగళ్ళు మూసి ఉంది. కాని అక్కడి ఫిరంగి గుండు 10,000 అడుగులకు మించి లేవదు. సాధన సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకానే. గడిని మీరెలా సవరిస్తారు?

వారానికి 168 గంటలు. సాధన 20 గంటలు. కనుక 148 గంటలు తలుపు తెరవవచ్చు. ఆ 20 గంటల్లోనూ కప్పు దించితే పైనుంచి విమానాలు పోవచ్చు. ఎంతకు దించాలి? సరిగ్గా 10,000 అడుగులకే దించితే షిజుకుయిషి పాఠం మరిచినట్టే. కొంత ఎడం ఉంచాలి. ఎంత ఎడమో, ఎందుకో మీ స్నేహితులతో వాదించి తేల్చండి.

ఇంకొక్క చిక్కు. ఒక బుధవారం ఉదయం పెద్ద వాన. సాధన మధ్యాహ్నం 3 గంటలకు వాయిదా పడింది. తొమ్మిదినుంచి ఒంటిగంట దాకా ఆకాశం ఊరికే మూసి ఉంది. ఒంటిగంటకు పట్టిక ప్రకారం తలుపు తెరుచుకుంది. మూడింటికి ఫిరంగులు పేలబోతున్నాయి. అప్పుడు ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలలోగా ఫోను చెయ్యాలి? ఆ ఫోను అందకపోతే ఫిరంగి పేల్చవచ్చా? జవాబు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.