వాగ్గేయకార చరిత్రకు ఆధారములు

వాగ్గేయకారుల జీవితములను గూర్చి గ్రంథములకు కొఱత లేదు. ఆ గ్రంథములు చెప్పు విషయములకు మూలమేదో తెలియకుండుటయే కొఱత. ఒకరు వ్రాసిన తేదీని మఱియొకరు, వారినుండి వేఱొకరు గ్రహింపగా, పది పుస్తకములలో కనిపించు మాట పదిమంది సాక్ష్యము గలదానివలె తోచును. నిజమునకు సాక్షి ఒక్కడే. కావున ఏ గ్రంథము ప్రామాణికమను ప్రశ్నకంటె, ఏ ఆధారము ఏ విషయమున ప్రామాణికమను ప్రశ్న పరిశోధకునకు మిక్కిలి ఉపకరించును. కర్ణాటక సంగీతమునందు తెలుగు రచనలు విస్తారము. వానిలో పెక్కు తమిళదేశమున వెలసినవి. వాని చరిత్రకు కావలసిన లేఖనములు తెలుగు, సంస్కృత, తమిళ, మరాఠీ భాషలలో చెదరియున్నవి. అందుచే ఈ విచారణ ఒక్క భాష తెలిసినవారి వలన సాగునది కాదు.

ఆధారములలో మొదట పేర్కొనదగినవి రచయిత కాలమునకు సన్నిహితమైన లేఖనములు. తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున నిలిచి, ఇరువదవ శతాబ్దిలో దేవస్థానమువారిచే ప్రకటితములైనవి. పదునాఱేండ్ల ప్రాయమున, శకవర్షము 1346, క్రోధి సంవత్సరమున ఆయనకు స్వామి ప్రత్యక్షమాయెననియు, నాటినుండి శకవర్షము 1424, దుందుభి, ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు సంకీర్తనములు వెలసెననియు ఆ రేకులలోని లేఖనము తెలుపుచున్నది. ఆయన 1408లో జన్మించెనను లెక్క దీనినుండియే వచ్చినది. ఐనను రేకులు కీర్తనలకు రాగనామములను చూపునే కాని స్వరములను చూపవు. నేడు వినవచ్చు వరుసలలో పెక్కు ఇరువదవ శతాబ్దిలో కూర్పబడినవి. కాబట్టి రాగిరేకు సాహిత్యమునకును, రాగనామమునకును, కాలమునకును సాక్షి. పాడిన తీరునకు సాక్షి కాదు.

మనుమడగు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము వేఱొక తెగకు చెందిన ఆధారము. అది వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులమైన పీఠికతో 1949లో ముద్రితమైనది. అందలి బంధుత్వములను, ఊళ్ల పేర్లను కుటుంబమువారి ఎఱుకగను, మహిమలను భక్తిసంప్రదాయముగను వేఱుచేసి చదువవలయును. రెండవదానిని త్రోసివేయ నక్కఱలేదు. కవిని ఆయన వంశమువారు ఎట్లు భావించిరో అది తెలుపును.

తేదీలను మార్చునపుడు జాగరూకత వలయును. శకవర్షము 1424కు 78 కలిపినచో 1502 వచ్చును. కాని ఫాల్గుణము సంవత్సరాంతమున వచ్చు మాసమగుటచే ఆ తిథి 1503 ఫిబ్రవరిలో పడినది. త్యాగరాజస్వామి నిర్యాణము పరాభవ పుష్య బహుళ పంచమి. పరాభవ సంవత్సరము 1846లో ఆరంభమైనను ఆ తిథి 1847 జనవరి 6వ తేది. ఇక సంవత్సరనామము మాత్రమే దొరకినచో అది అఱువదేండ్లకొకసారి మరల వచ్చునని మఱవరాదు. త్యాగరాజు 1759లో జన్మించెనని కొందఱును, 1767లో జన్మించెనని పెక్కురును వ్రాసిరి. సర్వజిత్తు నామము 1767కు సరిపోవును. 1759 ప్రమాథి యగును. అంకెతోపాటు సంవత్సరనామమును కూడ సరిచూచినచో పొరపాటు ఎచట ప్రవేశించెనో పలుమాఱులు తేటపడును.

త్యాగరాజు విషయమున శిష్యుల వ్రాతప్రతులు ముఖ్యములు. ఆయనకు ప్రత్యక్షశిష్యుడగు వాలాజాపేట వేంకటరమణ భాగవతారును, ఆతని కుమారుడు కృష్ణస్వామి భాగవతారును వ్రాసి దాచిన ప్రతులు మదుర సౌరాష్ట్రసభకు చేరినవి. కృతుల పాఠమునకును, రాగనిర్ణయమునకును వీనికి గల విలువ అధికము. ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యపరంపరల పాఠాంతరములతో పోల్చినపుడే ఆ విలువ పూర్తిగా తెలియును. గురువు రచనలు ఇరువదినాలుగువేలను ప్రతీతి ఇట్టిది కాదు. నేడు లభించునవి సుమారు 700. రామాయణ శ్లోకసంఖ్యను తలపించు పెద్దసంఖ్యను గురుభక్తికి గుర్తుగ గ్రహించుట మేలు.

రచయిత స్వవాక్యము బలమైన ఆధారమే కాని దానికిని హద్దులు కలవు. క్షేత్రయ్య మేరువ పదమున మధుర తిరుమలనాయకుని, తంజావూరి విజయరాఘవుని, గోలకొండ పాదుషాను పేర్కొనెను. తిరుమలనాయకుని పాలనము 1623 నుండి 1659 వఱకు. విజయరాఘవుని పాలనము 1673లో ముగిసినది. ఇట్లు కవికాలము పదునేడవ శతాబ్ది మధ్యభాగమున కుదురుకొనుచున్నది. మువ్వగోపాల ముద్రనుబట్టి కృష్ణాజిల్లాలోని మొవ్వ ఆయన ఊరని తలచువారు పెక్కురు. కాని ముద్ర ఇష్టదైవమును తెలుపును. జన్మస్థలమును నిరూపించుటకు అది యొక్కటియే చాలదు. అంతేకాక ముద్రను అనుకరించుట సులభము. ముద్ర కలదనుటచేతనే పాట ఆ కవిదని నిశ్చయింపరాదు.

తంజావూరు మరాఠా ఆస్థానపు మోడీలిపి పత్రములలో గాయకులకును, నర్తకులకును ఇచ్చిన ద్రవ్యమును గూర్చిన లెక్కలు కలవు. లెక్కలు వ్రాయువానికి పొగడవలసిన పని లేదు కనుక ఇట్టి పత్రములు నమ్మదగినవి. ఐనను రాజాశ్రయమును కోరని త్యాగరాజు వంటివాని పేరు అట్టి లెక్కలలో లేకున్న, ఆ మౌనము దేనికిని ప్రమాణము కాదు.

అచ్చుగ్రంథములలో సుబ్బరామ దీక్షితులు (1839–1906) తెలుగున రచించి 1904లో ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని శిరోధార్యమైనది. దీక్షిత సంప్రదాయపు కృతులకును, స్వరలేఖనమునకును అది మూలస్తంభము. కాని ముత్తుస్వామి దీక్షితులు గతించినది 1835లో. గ్రంథకర్త ఆయనను చూచినవాడు కాడు. కావున అందలి వాగ్గేయకార చరిత్రములను కుటుంబమున వినికిడిగా వచ్చిన సాక్ష్యముగ గ్రహింపవలయును. తెలుగు సాహిత్యమును తమిళలిపిలో అచ్చువేసిన పుస్తకములతో వేఱొక చిక్కు కలదు. క, గ వంటి వర్ణములకు తమిళలిపిలో ఒక్కటే అక్షరమగుటచే అంకెలతో భేదమును చూపుదురు. అంకె జాఱినచో పదము మాఱును, అర్థమును మాఱును. ఇచట భాషావేత్త చేయదగిన మేలు సంగీతవేత్త చేయుదానికి తీసిపోదు.

సాంబమూర్తిగారి సంగీత నిఘంటువు, 1958లో వెలువడిన బాలాంత్రపు రజనీకాంతరావుగారి ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము, 1930 నుండి వెలువడుచున్న మదరాసు సంగీత అకాడమీ పత్రిక పరిశోధనకు ద్వారముల వంటివి. ద్వారమునొద్ద ఆగిపోక లోనికి, అనగా అవి ఆధారపడిన మూలములకు, పోవలయును.

భారతదేశమున గ్రామఫోను ముద్రణము 1902లో ఆరంభమైనది. పళ్లెముపై గల చీటీలో రాగనామము తప్పుగా నుండవచ్చును. కాని పళ్లెమునందే చెక్కబడిన సంఖ్య కాలనిర్ణయమునకు తోడ్పడును. వ్రాతలోనికి రాని గమకమునకు పళ్లెమే సాక్షి. క్షేత్రయ్య పదములను వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటివారు తరతరములుగా కాపాడిరి. సాహిత్యమును మాత్రమే అచ్చువేసిన సంపుటములు ఈ సంగతిని తెలుపజాలవు. వారి గానముద్రణములు తెలుపును.

తప్పు తేదీ దిద్దుకొనదగినది. తప్పు కర్తృత్వము అట్లు కాదు. అది ఒకరి శ్రమను వేఱొకరి పేర నిలుపును. పాటను మోసికొనివచ్చిన శిష్యులను, గాయికలను చరిత్రనుండి తొలగించును. ప్రతి విషయమునకును ప్రక్కన దాని మూలమును, ఆ మూలము పుట్టిన కాలమును, వ్రాసినవాని దృష్టిని గుర్తించుకొన్నచో ఈ అన్యాయము చాలవఱకు నివారింపబడును.