గుంపు చేపలు తొట్టిలో ఎందుకు పోట్లాడతాయి?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు సముద్రంలో కలుస్తుంది. నీరు తీసే వేళ ఆ గట్టున నిలబడి చూడండి. వేలెడంత చేపలు గుంపుగా ఈదుతుంటాయి. మీ నీడ పడిందో లేదో, అన్నీ ఒక్కసారే పక్కకు తిరుగుతాయి! వాటికి ఆజ్ఞ ఇచ్చే నాయకుడు లేడు. ప్రతి చేపా పక్క చేపను కంటితో చూస్తుంది. అది కదిలితే నీటిలో కలిగే ఒత్తిడిని తన ఒంటిమీది పార్శ్వరేఖతో పసిగడుతుంది.

గుంపు కట్టడం స్నేహం వల్లనేనా? 1971లో హామిల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వేరే మాట చెప్పాడు. తనకూ శత్రువుకూ నడుమ మరొకటి ఉండాలని ప్రతి జంతువూ చూసుకుంటుందట. అంటే స్వార్థమే!

ఉప్పునీటి అక్వేరియం పెట్టదలచినవారు ఈ సంగతి మరువకూడదు. గుంపు చేపల్లో పేరుపడ్డది ఆకుపచ్చ క్రోమిస్. ఎనిమిది సెంటీమీటర్లకు మించి పెద్దగా పెరగదు. ముచ్చటపడి మూడింటిని తెచ్చి చిన్న తొట్టిలో వేశారనుకోండి. కొన్నాళ్ళు కలిసి తిరుగుతాయి. తరువాత రెండే కనిపిస్తాయి. చివరికి ఒకటి మిగులుతుంది. రోగాలు కూడా కారణం కావచ్చు. కాని తరచు జరిగేది ఇది: తొట్టిలో శత్రువు లేడు, కాబట్టి దగ్గరగా ఉండే అవసరమూ లేదు. బలమైనది బలహీనమైనదాన్ని పొడుస్తుంది. సముద్రంలోనైతే దెబ్బ తిన్నది పగడపు కొమ్మల చాటుకు పోతుంది. గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? అందుకే ఒకే పరిమాణంలో ఉన్న ఏడెనిమిదింటిని, ఒకేసారి, పెద్ద తొట్టిలో వదలాలి. అప్పుడు పొడుపులన్నీ ఒకదానిమీదే పడవు.

క్రోమిస్ లక్షదీవులు, అండమాన్ దీవుల వంటి చోట్ల పగడపు దిబ్బల్లో బతికే చేప. ఏళ్ళు మోసుకొచ్చే ఒండ్రుతో కలకబారే మన తీరంలో అటువంటి దిబ్బలు లేవు. అది పుట్టిన నీటిలో ఉప్పు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే, లీటరుకు 35 గ్రాములు. మన ఉప్పుటేర్ల సంగతి అలా కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలకు ఉప్పదనం బాగా తగ్గుతుంది, ఎండాకాలం మళ్ళీ పెరుగుతుంది. ఈ ఎగుడుదిగుళ్ళకు అలవాటుపడిన చేపలు కొత్తవారి చేతి పొరపాట్లను కొంత ఓర్చుకుంటాయి. లోపలి ముల్లు పైకి కనిపించే గాజు చేప అలాంటిదే. వెండి బిళ్ళలాంటి మూనీ చేప కూడా అంతే. అయితే మూనీ పిల్లను చూసి మోసపోకండి. రూపాయి బిళ్ళంత ఉన్నది పెరిగి అరచేతిని మించిపోతుంది!

ఏ చేపనైనా తొట్టి నింపిన రోజే వేయకూడదు. చేపల విసర్జనలోని అమ్మోనియా విషం. దాన్ని మార్చే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వంటింటి ఉప్పు కలిపితే సముద్రపు నీరు కాదు. అందులో మెగ్నీషియం, కాల్షియం వంటివి కూడా ఉండాలి. ఇంకొక చిన్న చిక్కు. ఎండలకు నీరు ఆవిరైపోతుంది గాని ఉప్పు పోదు. అందుచేత తగ్గిన మేరకు పోయవలసింది ఉప్పునీరు కాదు, క్లోరిన్ లేని మంచినీరే.